పైమట్టి మీద రోడ్డు రోలరు

తెలంగాణ ఉద్యమంలో అందరూ రోడ్లు బంద్ చేశారు. గడ్డిని బంద్ చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం చెప్తాను, నవ్వుకోండి. నా మొహం మీద మాత్రం నవ్వొద్దు.

కోకాపేట పక్కన ఒక రాతి క్వారీ ఉండేది. రాయి అయిపోయింది, గొయ్యి మిగిలింది. దాన్ని పూడ్చి పచ్చిక పెంచాలి. క్వారీ తవ్వేముందే పైమట్టిని గీకి ఒక పక్క కుప్ప పోశారు. ఆ కుప్పను అత్తరు సీసాలా కాపాడేవాడు మా ఇంజనీరు, గుంటూరు మనిషి. నేను మేస్త్రీని. అప్పటిదాకా వేసినవన్నీ రోడ్లే.

"మేస్త్రీగారూ, కింద రాళ్లు, ఆపైన మొరం, అన్నిటికీ పైన ఈ మట్టి. ప్రాణమంతా దీన్లోనే ఉందండి. ఈ వానలకు గడ్డి మొలవకపోతే మీకిక్కడ పనుండదు."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, అద్దం లెక్క పరిపిస్త."

అద్దం అన్న మాటను ఆయన పట్టించుకోలేదు. అదొక్కటే ఆయన తప్పు. మిగతావన్నీ నావే.

మట్టి పరిచిన మర్నాడు బంద్. ఇంజనీరు రాలేకపోయాడు. మట్టేమో దూదిపరుపులా ఉంది, కాలు పెడితే చీలమండ దాకా దిగుతోంది. రోడ్డు బుద్ధి ఊరుకుంటుందా? రోలరు డ్రైవరు యాదగిరిని పిలిచాను.

"గిదేందే కాకా, గడ్డికి గూడ రోలర్ గొడ్తరా?"

"నువ్వు నడుపు. మెత్తగుంటే మొదటి వానకే కొట్టుకపోతది."

నీళ్లు చల్లించాను, తొక్కించాను, మళ్లీ చల్లించి మళ్లీ తొక్కించాను. గోళీ వదిలితే కొత్తగూడ దాకా దొర్లేలా తయారైంది నేల.

మరునాడు ఉద్యమంవాళ్లు వంటావార్పుకు, అదే, బయటే వండుకు తిని నిరసన తెలపడానికి, డేక్సాలతో వచ్చారు. ముందు నడుస్తున్న లక్ష్మక్క మా నేల చూసి ఆగింది.

"ఎవరు జేసిండ్రే గీ గ్రౌండు? ఫంక్షన్ హాల్ లెక్కుంది!"

"నేనే అక్కా," అన్నాను ఛాతీ విరిచి.

పొయ్యిలు వెలిగాయి. పప్పు ఉడుకుతుండగా ఇంజనీరు గడ్డి విత్తనాల సంచితో నడుచుకుంటూ వచ్చాడు. నేలను మడమతో పొడిచాడు. మడమే నొచ్చింది.

"ఇదేంటండీ మేస్త్రీగారూ?"

"గట్టిగ జేసిన సార్. లారీ ఎక్కినా కుంగదు."

"ఇక్కడ లారీలను మొలిపిస్తామా? గాలాడదు, నీళ్లు దిగవు, వేరెక్కడ దూరుతుందండీ? మట్టిని చంపేశారు కదండీ!"

నా ఉద్యోగం పప్పు ఆవిరితో కలిసి పైకి పోతూ కనిపించింది. లక్ష్మక్క గరిటెతో అడ్డమొచ్చింది.

"ఏంది సారూ, మా మేస్త్రీ మీద లొల్లి? మా మట్టి, మా ఇష్టం!"

ఆయన దండం పెట్టాడు. "మీ మట్టేనమ్మా. మీవాడే దాని పీక నులిమాడు. మీ కొట్లాట నేల కోసమే కదా? తలా ఒక గడ్డపార పట్టండి."

లక్ష్మక్క నేల వంక చూసింది, నా వంక చూసింది. గరిటె పడేసి గడ్డపార అందుకుంది. "జై తెలంగాణ!" అన్న ప్రతిసారీ అందరి గడ్డపారలూ దిగాయి. నేనూ ఒకటి పట్టబోతే లక్ష్మక్క లాగేసుకుంది.

"నువ్వు దూరం కూసో మేస్త్రీ! నువ్వు కాలు వెడితె మళ్ల గట్టిపడ్తది."

ఆ వానలకు గడ్డి మొలిచింది, నా కొలువూ నిలిచింది. ఇక భూదేవి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పచ్చిక కనిపిస్తే చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి, మునివేళ్ల మీద నడుస్తాను. రోలరు ఎదురైతే పక్కసందులోకి మళ్లుతాను.