మోటారు షెడ్డు గోడ మీద జక్రయ్య రాత

ప్రత్తిపాడు అవతల మాబు సాహెబ్ మిరపచేలో మోటారు షెడ్డు ఉంది. పురుగుమందు కొట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం దాని గోడ మీద మా పక్కింటి జక్రయ్య నీలిరంగుతో రాశాడు. చర్చి గోడల మీద వాక్యాలు రాసే చెయ్యి అది, అక్షరాలు ముత్యాలే. చేతులకు తొడుగులు వేసుకోవాలి. గాలికి ఎదురు నిలబడి కొట్టకూడదు. మందు చిమ్మే నాజిల్‌కు మడ్డి అడ్డుపడితే విప్పి శుభ్రం చేయాలి.

"ఎట్టా శుభ్రం చెయ్యాలో కూడా రాయి," అన్నాడు సాహెబ్.

"అన్నం నోట్లో పెట్టుకోవాలని కూడా రాయమంటావా ఏంది?" అని నవ్వాడు జక్రయ్య. చెప్పేవాడికి వినేవాడు లోకువని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ గోడ చదివి పనిలోకి దిగిన మొదటివాడు ప్రకాష్. అంతకుముందు నల్లపాడులో బైకుల మెకానిక్కు. కార్బురేటర్‌లో నలుసు పడితే జెట్టు విప్పి, నోటికి ఆనించి ఊదడం అతనికి అలవాటు. ఆ రోజు నాజిల్ మాటిమాటికీ మూసుకుపోయింది. గోడ చెప్పినట్టే విప్పాడు, తనకు తెలిసినట్టు శుభ్రం చేశాడు. ఆసుపత్రిలో మూడోనాటికి పోయాడు.

జక్రయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకైతే ఒళ్ళు మండింది. కానీ చర్చిలో ఎవరైనా మైకు ఊది చూస్తే ఆయన లేచి బయటికి పోవడం చూశాక ఆ కోపం నిలవలేదు. ఎవరూ ఊదకపోయినా వినపడుతుందట. "చెవి పక్కనే ఊదుతున్నాడ్రా," అంటాడు. మళ్ళీ రంగుడబ్బా ముట్టుకోలేదు.

ఈ యేడు ప్రకాష్ భార్య షారోన్ తానే మందు కొడతానని బయలుదేరింది. నేరుగా జక్రయ్య ఇంటికొచ్చింది.

"నాకీ పని కొత్త మావయ్యా. గోడ మీద మళ్ళీ రాయి. నువ్వు రాయంది నాకెట్టా తెలుస్తది?"

జక్రయ్య రంగుడబ్బా తీసుకుని షెడ్డుకు నడిచాడు. అక్షరాలు వంకర్లు పోయాయి. నాజిల్ మూసుకుపోతే కొట్టడం ఆపాలి. తొడుగులు తీయకుండానే విప్పాలి. నీళ్ళలో ముంచి పాత బ్రష్షుతో కడగాలి. నోటితో ఊదకూడదు.

షారోన్ పైకి చదివింది. "ఆఖరిది చదివి మర్చిపోతారు మావయ్యా. ఎందుకూదకూడదో రాయి."

జక్రయ్య కుంచె మళ్ళీ రంగులో ముంచాడు. తర్వాత దాని కింద రాశాడు: ప్రకాష్ ఊదాడు.

ఇప్పుడు పనికొచ్చిన కొత్తవాళ్ళంతా అక్కడికొచ్చి ఆగిపోతారు. ప్రకాష్ ఎవరని అడుగుతారు. జక్రయ్య అక్కడుంటే చెవులు మూసుకుంటాడు.

"మా ఆయన," అంటుంది షారోన్, మందు ట్యాంకు భుజానికి తగిలించుకుంటూ.