నా చెవీ, సారు మొహమూ

తలకి టోపీ పెట్టి లోపల ఏం జరుగుతుందో చూస్తామని పెద్ద కాలేజీవాళ్లు కబురు పెట్టారు. చదువుకున్నవాళ్లకి తల చూపించాలి కదా అని గిన్నెడు కొబ్బరినూనె పట్టించి, నున్నగా దువ్వుకుని, మా పేట తాల్‌బగీచాలో ఆటో ఎక్కాను. అక్కడ పరిశోధన చేసే తెలుగు పిల్ల నా జుట్టు చూసి నెత్తి పట్టుకుంది.

"పిన్నీ, నూనె ఉంటే టోపీ తీగలు తలకి అతుక్కోవు!"

"ముందే సెప్పొద్దేటే అమ్మీ? పెళ్లిసూపులకొచ్చినట్టు ముస్తాబై వొచ్చినాను."

కుళాయి కింద నా తల రెండుసార్లు రుద్దింది. అంత గొప్ప శాస్త్రమూ షాంపూతోనే మొదలైంది.

వాళ్లకి కావలసింది నా చెవి. మా ఆయన వర్క్‌షాపులో రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి, మోతని బట్టి పగులు పట్టేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగిలింది మొద్దుగా పలుకుతుంది. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. చెవి మాత్రం బతికుండగా ఆయనే ఇచ్చాడు, వంటింట్లో ఇనపమూకుళ్లు మోగించి. రిటైరయ్యాక ఈ మధ్య కుక్కరు కూత కూడా సరిగా వినబడటం లేదు. ఆ ఒక్క ఆస్తీ పోయిందేమో తెలుసుకోవాలనే వెళ్లాను.

"మెదడులో నరాల అల్లిక చూసి మెషీన్ కట్టాం పిన్నీ. మీరు పగులు ఎలా పడతారో దానికి నేర్పాలి."

"ఎలా పడతానో నీకు తెలుసేటి?"

"పూర్తిగా తెలీదు. మెషీన్ని చూసి మెదడుని అర్థం చేసుకుంటున్నాం."

ఒకరి పలక చూసి ఒకరు రాస్తున్నారన్నమాట. అయ్యవారు బళ్లోనే లేడు.

టోపీ పెట్టి చక్రాల మోతలు వినిపించారు. బాగుందో, పగులో చెప్పాలి. పక్కన ఆ పిల్లకి పైన ఉండే కళ్లజోడు సారు కూర్చున్నాడు. అయ్యాక పిల్ల నసిగింది.

"పగిలినవి ఆరు, బాగున్నాయన్నారు పిన్నీ."

ఆస్తి పోయిందనుకున్నాను. పిల్ల తెర వైపు వంగింది.

"కానీ మీ మెదడు ఆరింటినీ పట్టేసింది. మీరు నోరు తెరవకముందే! మరి అలా ఎందుకన్నారు?"

ఎందుకో నాకు తెలుసు. నేను పగులంటే వర్క్‌షాపులో పని ఆగిపోయేది. "మళ్లీ మొదలెట్టీసింది మారానీ. ఇంకోపాలి కొట్టి సూడు, బాగుంటాది" అనేవాడు మేస్త్రీ. రెండోసారి కొడితే, మొద్దుగా పలికినా, బాగానే ఉండేది. నా తర్వాత ఇంకో తనిఖీ ఉండబట్టి రైళ్లు క్షేమంగా తిరిగాయి. ఇక్కడ సారు మొహం చిట్లించినప్పుడల్లా నా నోరు పాత డ్యూటీ ఎక్కేసింది.

"మెషీన్‌కి ఏ జవాబు ఇవ్వను? మీరు చెప్పిందా, మెదడు చెప్పిందా?"

"పగులనే రాయి. సారు మొకం సూడ్డం దానికి నేర్పకు. అది నేర్సుకోడానికి నాకు సర్వీసంతా పట్టింది."

ఇంటికొచ్చి పాత మూకుడు తీసి గరిటెతో కొట్టాను. మొద్దుగా పలికింది. "పగులు" అన్నాను, గట్టిగా. వంటింట్లో ఎవరి మొహమూ లేదు.