గుర్రానికి పెంట, మనిషికి తవుడు

పలాస స్టేషను బయట జట్కాలు నిలిచేచోట గుర్రాలకు పేర్లు పెట్టేది మా ఆయనే. అప్పట్లో అక్కడ పది బళ్లదాకా ఉండేవి. ఎవరైనా కొత్త గుర్రాన్ని కొంటే, రెండు రోజులు ఈయన కళ్ల ముందు నడిపించేవారు. ఈయన బీడీ కాలుస్తూ దాని నడత చూసి, మూడో రోజు పేరు చెప్పేవాడు. అడుగడుక్కీ అలిగి, బతిమాలితే గానీ కదలనిదానికి వియ్యంకుడు. ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు ఆగిపోతుందో తెలియనిదానికి కరెంటు. పక్కన ఎవరో ఒకరు నిలబడి తినమంటే తప్ప గడ్డిలో మూతి పెట్టనిదానికి కొత్తల్లుడు. ఇంకొకటి ఉండేది. ఎక్కడ బాజాలు వినిపించినా, బండిలో జనం ఉన్నా సరే, అటు తిరిగిపోయేది. దాని పేరు పిలవని పేరంటం.

ఈ పేర్లు ఊరంతా పాకాయి. కాశీబుగ్గ సినిమాకు పోయే ఒక ముసలావిడ ఎప్పుడూ ఒకటే మాట అనేది.

"వియ్యంకుడి బండి నానెక్కను బాబూ. అది అలక తీరి ఎల్లీసరికి ఆట సగమైపోతాది."

నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి పోయేదాన్ని. నాకు ఈ వేళాకోళం అంతగా నచ్చేది కాదు. మాకు పిల్లలు లేరు. పేరు పెట్టుకోవడానికి ఇంట్లో ఎవరూ పుట్టలేదు కాబట్టి ఈయన ఊళ్లో గుర్రాలన్నిటికీ పెడుతున్నాడని లోలోపల అనుకునేదాన్ని. పైకి ఎప్పుడూ అనలేదు.

తమాషా ఏమిటంటే, అందరి గుర్రాలకూ తిట్టులాంటి పేర్లు పెట్టిన మనిషి తన గుర్రాలకు మాత్రం కిరీటాలు పెట్టేవాడు. మొదటిది మహారాజు. వానాకాలంలో కడుపునొప్పి వచ్చి, ఒక పూట కొట్టుకుని చచ్చిపోయింది. రెండోది చక్రవర్తి. డెక్కలో మేకు దిగింది. దవడలు బిగుసుకుపోయి తొమ్మిదో రోజున అదీ పోయింది. మూడో గుర్రం ఇంటికి రాగానే మా అత్త అడ్డం పడింది. ఆవిడ ఉద్దానంలో, కొబ్బరితోటల ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి.

"నువ్వు పెట్టీ పేర్లు సావు సెవిలో పడతన్నాయి. ఈసారి నాను పెడతాను," అంది.

మా వైపు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డ దొరికినట్టు తిరిగి తెచ్చుకుంటారు. లేదంటే చేటలో పెట్టి, పక్కింటివాళ్లకు కాస్త తవుడుకు అమ్ముతారు. కొన్నవాళ్లు బిడ్డను మళ్లీ కన్నవాళ్ల దగ్గరే ఉంచుతారు, పెంచమని. ఆ పిల్లలకు పెంటయ్య అనో తవుడు అనో పేరు. పనికిమాలిన వస్తువు అనుకుని చావు వదిలేసి పోతుందని నమ్మకం. ప్రతి వీధిలోనూ అలాంటి పేరున్న ముసలివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లు నిజంగానే గట్టి మనుషులు.

మా అత్త గుర్రాన్ని పెరట్లో పెంటకుప్ప ఎక్కించింది. పగ్గం వదిలేసి వీధి చివరిదాకా నడిచి వెళ్లి, తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, "ఎవులిదో గుర్రం పెంట మీద దొరికినాది. తోలుకు పోతన్నాను," అని నలుగురూ వినేలా అంది. దాని పేరు పెంట అయింది. ఊరికంతా పేర్లు పెట్టినవాడి గుర్రం పేరు పెంట అని తెలిసి, స్టేషను దగ్గర వారం రోజులు నవ్వులే నవ్వులు. ఈయన తల దించుకుని బండి తోలాడు.

కానీ పెంటకు ఏమీ కాలేదు. ఏళ్లు గడిచాయి, దానికి దగ్గు కూడా రాలేదు. ఆటోలు వచ్చాయి. వియ్యంకుడిని సంతలో అమ్మేశారు. కరెంటు ఎటు పోయిందో తెలియదు. చివరికి స్టేషను దగ్గర రెండు బళ్లు మిగిలితే, వాటిలో ఒకటి పెంటది. మా అత్త ఆ గుర్రాన్ని చూసినప్పుడల్లా తన చేతిపని చూసుకున్నట్టు చూసుకునేది.

ఆ రోజుల్లోనే మా ఆయనకు కాళ్లు వాచాయి. అన్నం సయించలేదు. టెక్కలిలో రక్తపరీక్ష చేయించాం. డాక్టరు కాగితం చూసి కిడ్నీలన్నాడు. మా వైపు ఇంటికొకరు ఆ జబ్బుతోనే పోతున్నారు, ఆ మాట విన్నాక ఎవరూ రెండో ప్రశ్న అడగరు. నేనూ అడగలేదు. మర్నాడు మామూలుగానే పనిలోకి వెళ్లి పొట్టు తీశాను. జీడి సొనకు నా వేళ్ల కొసలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి, వేడి టీ గ్లాసు పట్టుకున్నా తెలియదు. ఆ రోజు నుంచి నేను మొత్తం అలాగే అయ్యాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

మా అత్త మాత్రం ఊరుకోలేదు. గుర్రాన్ని నిలబెట్టినదాన్ని కొడుకును నిలబెట్టుకోలేనా అంది. నలభై దాటిన మనిషిని అమ్మకానికి పెట్టింది.

కొనడానికి భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆవిడ ఒప్పుకుంది. ఈయన చేటలో పట్టడు కదా, అరుగు మీద కూర్చోబెట్టి పాదాలు మాత్రం చేటలో పెట్టించారు. చేపలావిడ గంప దించి, ఈయన జబ్బ పట్టుకుని నొక్కి చూసింది.

"ఎంతకిత్తావప్పా?"

"సోలెడు తవుడికి," అంది మా అత్త.

"సోలెడే? సూడు, ఎండిపోనాడు. అరసోలకైతే తీసుకుంతాను."

"ఇచ్చీయే అమ్మా. మల్లీ ఈ బేరం కూడా రాదు," అన్నాడు మా ఆయన.

అందరం నవ్వాం. నవ్వుతుంటే ఈయనకు ఆయాసం వచ్చింది. తీరా చూస్తే ఆవిడ దగ్గర తవుడు లేదు. పెంట మేత డబ్బాలోంచి అరసోల తీసి ఆవిడ చేతికిచ్చి, అదే మళ్లీ మా అత్త ఒళ్లో పోయించుకున్నాం. మా గుర్రం తవుడుతో మా మనిషిని కొనుక్కుని, పేరు తవుడని పెట్టి, ఆవిడ గంప ఎత్తుకుంది. పోతూ పోతూ ఒక్క మాట గట్టిగా చెప్పింది.

"పాత పేరు ఎవులూ ఎత్తకండి. ఎత్తినారంటే బేరం సెల్లదు."

పెళ్లయి పదహారేళ్లయినా నేను ఈయన్ని పేరు పెట్టి పిలవలేదు. మా వైపు ఆడవాళ్లెవరూ మొగుడి పేరు నోటితో అనరు. వరసైన సంబంధమైతే బావ అనో మావ అనో పిలిచేదాన్ని, మాది బయటి సంబంధం. పిల్లలుంటే ఫలానావాడి నాన్న అనేదాన్ని, అదీ లేదు. 'ఇదిగో' అన్న ఒక్క మాటతోనే పదహారేళ్లు నడిపాను. అందుకే ఈ కొత్త పేరు నేను అనొచ్చా అని అత్తను అడిగాను.

"అది నీ మొగుడి పేరు కాదే. కొనుక్కున్నామె పెట్టుకున్న పేరు. పిలు," అంది.

ఆ రోజు గుమ్మంలో నిలబడి, "తవుడూ, అన్నం తిందువు రా," అన్నాను. ఈయన పెంటకు మాలీషు చేస్తున్నవాడు చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

"మల్లీ పిలు," అన్నాడు.

మళ్లీ పిలిచాను. సిగ్గేసింది. బాగుంది కూడా. ఆ తర్వాతి మూడు నెలల్లో నాకు బాగున్నది అదొక్కటే. పని ఉన్నా లేకపోయినా పిలిచేదాన్ని. మా అత్తకే కష్టమైంది. కన్నప్పుడు తను పెట్టుకున్న పేరు సగం నోట్లోంచి వచ్చేసేది, వెంటనే చెంపలు వేసుకునేది.

తర్వాత విశాఖ తీసుకుపోవలసి వచ్చింది. ఆసుపత్రిలో కిటికీ దగ్గర గుమస్తా పేరు అడిగాడు. అత్త, ఈయన దూరంగా బెంచీ మీద ఉన్నారు. తవుడు అని చెబితే రేపు కాగితాలు కలవవు. అసలు పేరు నా నోటికి రాదు. పదో తరగతి చదివినదాన్నే అయినా రాలేదు. సంచీలోంచి రేషన్ కార్డు తీసి, పేరు మీద వేలు పెట్టి చూపించాను. అతను రాసుకున్నాడు. అతని తప్పు ఏమీ లేదు.

కాసేపటికి లోపలి నుంచి ఒకాయన వచ్చి, వరండా అంతా వినబడేలా ఆ పేరు పిలిచాడు. ఎవరూ లేవకపోయేసరికి మళ్లీ పిలిచాడు. రెండోసారికి మా ఆయన "ఆఁ" అని లేచి నిలబడ్డాడు. మా అత్త కొడుకును చూడలేదు. నా చేతిలో కార్డును చూసింది.

పదకొండో రోజున ఆయన పోయాడు. డాక్టరు ముందే చెప్పిన సంగతే, నాకు తెలుసు. కార్డు వల్ల ఎవరూ చావరని కూడా తెలుసు. తెలిసినందువల్ల ఏమీ తేలిక కాలేదు.

ఇంటి ముందు పడుకోబెట్టాక మా అత్త కొడుకు మీద పడి అసలు పేరు పెట్టి ఏడ్చింది. మూడు నెలలు మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. స్టేషను దగ్గరివాళ్లు బావా అని ఏడ్చారు. ఉద్దానం నుంచి వచ్చినవాళ్లు అన్నా అనీ, మావా అనీ ఏడ్చారు. నేను పాదాల దగ్గరికి వంగాను. "తవుడూ" అన్నాను.

మా అత్త ఏడుపు ఆపి నా వైపు తిరిగింది.

"ఆ పేరెత్తకు. దాన్ని నువ్వు నిలబెట్టనేదు," అంది.

మొండి గుంట, చుక్క నీరు రాల్చలేదని వెనక ఎవరో అంటున్నారు. ఏమని పిలిచి ఏడవాలో తెలియక, నోట్లో చెంగు కుక్కుకుని, పాడె లేచేదాకా అక్కడే కూర్చున్నాను.