అరికాళ్ళ మంటలు

ఎనభైల చివర్లో అమ్మ కర్లపాలెంలో టీచరు. నాన్న పోయాక బాపట్లలో ఓ అద్దె ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. నేను డిగ్రీ చదువుతున్నాను. అమ్మకు సుగర్ ఉందని తెలుసు. మాత్రలు వేసుకునేది, కాఫీలో పంచదార మానేసింది. అంతటితో సుగర్ తన జోలికి రాదనుకుంది.

అరికాళ్ళ మంటలు మాత్రం వదల్లేదు. బడి నుంచి రాగానే వరండాలో కూర్చుని పాదాలకు తడిగుడ్డ చుట్టుకునేది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది. రేపల్లె నుంచి పిన్ని ఆముదం పంపింది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. డాక్టరుకు పాదాలు చూపించాలని మాలో ఎవరికీ తోచలేదు. "కాళ్ళ మంటలకి ఆస్పత్రేంటే, నలుగురూ నవ్వుతారు" అనేది అమ్మ. నవ్వినా బాగుండేది.

ఒక వేసవిలో మంటలు పోయాయి. ఎప్పుడు పోయాయో తెలియనంత మెల్లగా పోయాయి. అమ్మ మొహం తేటపడింది. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది.

"ఏళ్ళ తరబడి మండిన కాళ్ళండి. ఇప్పుడు నిప్పుల మీద నడిచినా తెలియదండి. అంతా దేవుడు చేసిన మేలండి."

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

వానాకాలంలో ఒకరోజు అమ్మ బడి నుంచి వచ్చి చెప్పులు విప్పి లోపలికి నడిచింది. గచ్చు మీద వెనకే ఎర్రటి మరకలు. కూర్చోబెట్టి పాదం ఎత్తి చూస్తే, బడిలో నోటీసులకు గుచ్చే పిన్ను చెప్పులో పడి మడమలో దిగబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో ఆమెకే తెలియదు. "చూశావా, ఎంత గట్టి కాళ్ళో" అని నవ్వింది.

వీధి చివర కాంపౌండరు కట్టు కట్టాడు. పుండు మానలేదు. చుట్టూ నల్లబడి, వాసన వేసి, జ్వరం వచ్చాక రైలెక్కించి తెనాలి తీసుకెళ్ళాను.

డాక్టరు పెద్దాయన. అమ్మను కళ్ళు మూసుకోమన్నారు. "తగిలినప్పుడల్లా చెప్పండమ్మా" అంటూ సూదిమొనతో రెండు అరికాళ్ళనూ అక్కడక్కడా తాకుతూ వచ్చారు. అమ్మ ప్రార్థనలో ఉన్నట్టు కదలకుండా కూర్చుంది. ఆయన తాకడం పూర్తయ్యాక కూడా కళ్ళు తెరవలేదు.

"మొదలుపెట్టండి డాక్టరు గారూ" అంది.

ఆయన సూది పక్కన పెట్టి, ఇదివరకు మంటలుండేవా అని అడిగారు. చర్చిలో చెప్పిందంతా అమ్మ పొల్లుపోకుండా మళ్ళీ చెప్పింది.

"తగ్గింది నయమయ్యి కాదమ్మా. నరాలు చచ్చుబడిపోయాయి. సుగరున్నవాళ్ళు మంటలు మొదలైనప్పుడే రావాలి. వాటంతటవే ఆగిపోతే ఇంకా తొందరగా రావాలి. రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. చెప్పులు దులిపి వేసుకోవాలి. చిన్న పుండైనా అశ్రద్ధ చేయకూడదు."

ఇవన్నీ రెండో కాలి కోసం చెబుతున్నారని నాకు అర్థమైంది.

మోకాలి కింద తీసేశారు. అమ్మ కాలు గురించి ఏడవలేదు. "అంతమందిలో చెప్పానే. ఇప్పుడేమని చెప్పను?" అని మాత్రం అడుగుతూ ఉండేది. నాకు ఆముదం మీదా, పాస్టరు గారి మీదా, దేవుడి మీదా కోపం వచ్చింది. ఎవరి మీద నిలుపుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, ఓ మధ్యాహ్నం మంచం మీంచి పిలిచింది.

"అరికాలు మండుతోందే. మునుపటిలాగే."

నాకు ప్రాణం లేచొచ్చింది. మండుతోందంటే బతికి ఉన్నట్టేగా. గబగబా వెళ్ళి మిగిలిన పాదాన్ని చేతుల్లోకి తీసుకున్నాను.

"అది కాదు" అంది అమ్మ. "రెండోది."

దుప్పటి అక్కడ మంచానికి అంటుకుని చదునుగా ఉంది. అమ్మకూ తెలుసు. అయినా పళ్ళు బిగబట్టి, "తడిగుడ్డ వెయ్యవే, ఓర్చుకోలేకపోతున్నా" అంది.

గుడ్డ తడిపి పిండుకుని తెచ్చాను. ఎక్కడ వేయాలో తెలియక దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాను.