చిలుకకు గాజులంటే భయమన్నాను

మా ఇంట్లో ఎవరికైనా నా భార్యే ముందు. హాస్టల్ నుంచి మా అమ్మాయి నాకు ఫోన్ చేసినా, రెండో మాట "నాయినా, అమ్మకియ్యి" అనే. మా అమ్మకు మోకాళ్లు నొప్పెడితే కొడుకును కాదు, కోడలిని పిలుస్తుంది. వీధి కుక్క సైతం నేను వేసిన బిస్కెట్ తిని, పోయి ఆమె చెప్పుల దగ్గర పడుకుంటుంది. యాభై దాటిన మనిషిని, ఇవన్నీ పట్టించుకోనని చెప్పుకుని తిరిగేవాణ్ణి. చిలుక వచ్చాక నా గుట్టు నాకే తెలిసింది.

చిలుక కావాలన్నది ఆమే. అమ్మాయి వెళ్లాక ఇల్లు మూగబోయిందని రోజూ అనేది. నాగారంలో ఒక పెద్దావిడ తన చిలుకను మంచివాళ్లు దొరికితే ఇచ్చేస్తానంటోందని తెలిసి, ఒక ఆదివారం శామీర్‌పేట నుంచి కారేసుకుని వెళ్లాం. మన పచ్చ చిలుకను ఇంట్లో పెంచకూడదు కదా. ఇది బూడిద రంగు విదేశీ జాతి. తోక మాత్రం కుంకుమలా ఎర్రగా ఉంది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పెద్దావిడ భర్త పోయి ఏడాదైందట. ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు, ఒక్క షరతు పెట్టింది.

"బిడ్డా, ఇది ఇంట్ల ఒక్కరినే పట్టుకుంటది, రెండో మనిషిని కరుస్తది. గట్ల చేయనీయొద్దు. ఎవరి భుజమెక్కుతదో వాళ్లు నెల దినాలు పల్లీ చూపియ్యొద్దు. రెండోవాళ్లే చేతితోటి పెట్టాలె. ఇద్దరికీ మాలిమైతేనే ఉంచుకోండ్రి. లేకుంటే నాకే తెచ్చియ్యిండ్రి."

దారి పొడుగునా నా భార్య పంజరాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని మీద పాత చీర కప్పి, చిలుకతో కబుర్లు చెబుతూనే ఉంది. ఇంటికొచ్చి తలుపు తీయగానే అది నా భుజం ఎక్కింది. నా చెవి తమ్మెను మెల్లగా కొరికి కళ్లు మూసుకుంది. "ఇగ నీకు పల్లీలు బంద్" అని ఆమె నవ్వింది.

మర్నాటి నుంచే నేను చొక్కా జేబులో పల్లీలు వేసుకోవడం మొదలుపెట్టాను. మేడ్చల్‌లోని నా హార్డ్‌వేర్ షాపు నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ఆమె వంటింట్లో ఉండగా గుప్పెడు మేపేవాణ్ణి. తర్వాత ఆమె ఒక్క పల్లీ పట్టుకుని ఎంతో ఓపికగా నిలబడితే, కడుపు నిండిన చిలుక దాన్ని అందుకుని కింద పడేసేది. లేదంటే వేలు కరిచేది. ఆమె వేలికి పసుపు అద్దుకుంటుంటే నేను అయ్యో అనేవాణ్ణి. లోపల మాత్రం మస్తు ఖుషీ. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో తల వాలిపోతోంది, కానీ అప్పుడు ఖుషీయే.

రెండో వారంలో ఒక పొద్దున ఆమె జొన్నరొట్టెలు చేస్తోంది. చేతుల నిండా మట్టిగాజులు. రొట్టె తడుతుంటే అవి గలగలమన్నాయి. నా భుజం మీది చిలుక మెడ నిక్కించి వింది. నన్ను వదిలి, వంటగట్టు మీద నడుచుకుంటూ పోయి, ఆమె గాజును ముక్కుతో మెల్లగా తట్టింది. మళ్లీ కరుస్తుందేమోనని ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. చిలుక బెదిరి నా దగ్గరికే ఎగిరొచ్చింది.

"ఏమైందయ్యా దీనికి?" అంది.

అది గాజుల కోసమే వెళ్లింది. నేను కళ్లారా చూశాను. అయినా నా నోట వచ్చిన మాట ఇది: "నీ గాజుల సప్పుడుకు బెదురుతాంది."

ఆమె పిండి చేతులు కడుక్కుని, సబ్బు రాసుకుని, గాజులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టింది.

సాయంత్రం మా అమ్మ చూసింది. "నా కొడుకు బతికుండంగ గీ ఉత్త చేతులేందే? తెలివున్నదా నీకు?" అని పక్కింటివాళ్లకు వినపడేలా అరిచింది. "చిలుక బెదురుతాంది అత్తమ్మా, నెల దినాలే" అంది నా భార్య, నా మాట ఎత్తకుండా. నేను పళ్లెంలోంచి తల ఎత్తలేదు. పైగా మారు అన్నం పెట్టించుకున్నాను.

గాజులు పోయినా కరవడం ఆగలేదు, నా జేబు ఖాళీ కాలేదు గనక. అంతలో చిలుక కొత్తగా ఒక చప్పుడు మొదలుపెట్టింది. పంజరంలో కూర్చుని సన్నగా గలగల, గలగల. ఎవరొచ్చారోనని నా భార్య తలుపు దాకా వెళ్లి చూసి వచ్చేది. అది గాజుల చప్పుడని నాకు వెంటనే తెలిసింది. నేను టీవీ సౌండ్ పెంచేవాణ్ణి.

నెల నిండే రోజున ఆమె పంజరం కడిగి, పాత చీర మడిచి పక్కన పెట్టుకుంది. "దానికి నేనంటే పడదు. మాటిచ్చినం, ఇచ్చేద్దాం" అని పెద్దావిడకు ఫోన్ కలిపింది. స్పీకర్ పెట్టింది, నేనూ వినాలని.

"అమ్మా, గాజులు కూడ తీసేసిన. అయినా దగ్గరికి రానిస్తలేదు."

అటునుంచి పెద్దావిడ అంది:

"గాజులెందుకు తీసినవ్ బిడ్డా? గా సప్పుడంటే దానికి పానం. ఆయన పోయినంక నా గాజులు తీసిండ్రు. గప్పటిసంది నా చేతి మీదికి రాలే. ఎదురుంగ నిలబడ్డా ఎవరో అన్నట్టు చూస్తది. గది చూడలేకనే మీకిచ్చిన."

నా భార్య ఫోన్ పెట్టేసింది. నా వైపు చూడలేదు. డబ్బా తెచ్చుకుని గాజులు వేసుకోసాగింది. రెండో చేతికి వేసుకుంటుండగానే చిలుక పంజరం దిగి, నేల మీద నడుచుకుంటూ వచ్చి, ఒళ్లోంచి ఆమె మణికట్టు ఎక్కింది. గాజులకు తల ఆనించింది. ఆమె ఏడ్చింది.

నేను జేబులోని పల్లీలు తీసి ఆమె ముందు పెట్టాను. "మాఫ్ చెయ్యి. పల్లీలు కూడ నేనే..." అన్నాను.

"పల్లీల సంగతి నాకు మొదటి దినమే ఎరుకైంది" అంది చిలుక తల నిమురుతూ. "నీ జేబుల పొట్టు దులిపి చొక్కా నానబెట్టేది నేనే కదా. నీకు గూడ ఒక్కటన్న మాలిమైంది, పోనీలే అనుకున్న."

ఇంకా నా వైపు చూడకుండానే అంది. "గాజుల మాట మాత్రం నమ్మిన."