మెడ తిప్పిన నెమలి

నా పని ఆగిపోయిందన్న వార్త నాకు మొదట చెప్పింది మగ్గానికి అవతలి పక్కన కూర్చునే చెల్లెలు. తోడబుట్టిన చెల్లెలు కాదు. బోరబండ నుంచి షేర్ ఆటోలో వచ్చి, మైత్రీవనం వెనక సందులో మా ఇంటి ముందు గదిలో నాతో పాటు పెళ్లి జాకెట్ల మీద జరీ పని చేస్తుంది. ఆ సాయంత్రం పూసల డబ్బాకు మూత పెడుతూ అంది:

"అక్కా, పొద్దుగాల నుంచి నీ సూది గదే పువ్వు కాడ ఉన్నది. నీకు ఎరుకేనా?"

నాకు తెలియలేదు. చూసుకుంటే నిజమే, ఒక్క రేకు కూడా పూర్తి కాలేదు.

నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు ఎప్పుడూ జబ్బు మనిషినని అక్షరాలూ సూదీ రెండూ అమ్మే ఇంట్లో నేర్పింది. పూస ఒక్కటి పక్కకు జరిగినా అమ్మ తిట్టేది కాదు. దారం కొస పట్టుకుని లాగేది. మాది గొలుసు కుట్టు, కొస లాగితే వరసంతా ఊడి వస్తుంది. ఆ దారం పోగు నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయేది. అమ్మ పోయి చాలా కాలమైంది. ఆమె నేర్పిన పనితోనే అన్నం తింటున్నాను, రోజూ దీపం దగ్గర ఆమెకూ ఒక దండం పెడతాను.

అయితే ఇచ్చేసిన జాకెట్లు కూడా కళ్ల ముందు మెదులుతూ నాకు నిద్ర లేకుండా చేసేవి. ఎక్కడో ఏదో తప్పు పోయిందని ఒకటే గుండెదడ. అందుకే పంజాగుట్టలో మనసు సంగతులు వినే ఒక మేడమ్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆవిడ ప్రశ్నలు చిన్నవి. తప్పొస్తే ఏమవుతుంది, ఎవరు చూస్తారు, అప్పుడు మీకు ఎన్నేళ్లు అని అడిగేవారు. నెలల తరబడి నాలోకి నేనే దిగుతూ పోయాను. అడుగున దొరికింది ఆ దారం పోగే. ఇన్నేళ్లూ అది మళ్లీ నా ఒళ్లో పడకూడదని కుట్టానే గాని, కుట్టాలని కుట్టలేదేమో అనిపించింది. ఆవిడ ముందే ఏడ్చాను. ఆ తర్వాత హాయిగా నిద్ర పట్టింది. ఆ మేడమ్ చల్లగా ఉండాలి.

భయం పోయింది. దాంతో పాటే పనీ పోయింది. తప్పొస్తే రానీ, ఏమవుతుంది అనుకున్నాక సూది ఎందుకు పట్టాలో తోచలేదు. మంచం మీద కూర్చుని, కింద సందులో సంచులు తగిలించుకుని కోచింగుకు పరిగెత్తే పిల్లల్ని చూసేదాన్ని. వీళ్లను ఏది పరిగెత్తిస్తోందో అనుకునేదాన్ని. దీపం మానలేదు గాని, అడగడానికి ఏమీ ఉండేది కాదు. భక్తి కూడా భయమేనేమో అని లోపల ఒక ముల్లు.

మా మగ్గానికి ఒక పద్ధతి ఉంది. కొత్త గుడ్డ బిగించగానే పెళ్లికూతురి పేరు అనుకుంటూ ఇద్దరం చెరో వైపు పసుపు పెట్టి, చెరో కుట్టు వేస్తాం. నేను లేవని ఆ రోజుల్లో చెల్లెలు తన వైపు కుట్టు వేసి, చుట్టూ తిరిగి వచ్చి నా వైపు కూడా పసుపు పెట్టి, నా కుట్టూ వేసేది. నన్ను ఒక్క మాట అనలేదు.

అచ్చు వేయడం ఎప్పుడూ నా పని. చిల్లులు పొడిచిన కాగితం మీద కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడి రుద్దితే కిందున్న గుడ్డ మీద బొమ్మ పడుతుంది. జాకెట్టు ఒక చేతికి వేశాక, రెండో చేతికి కాగితం తిరగేయాలి. యూసుఫ్‌గూడ పెళ్లికూతురి జాకెట్టుకు చేతుల మీద నెమళ్లు అడిగారు. ఆ అచ్చు చెల్లెలే వేసింది. జర చూడక్కా అని పిలిస్తే, మంచం మీద నుంచే బాగుందన్నాను.

పనంతా అయ్యాక, గుడ్డ విప్పి రెండు చేతులూ పక్కపక్కన పరిచింది. నెమళ్లు రెండూ ఒకే దిక్కు చూస్తున్నాయి. తొడుక్కుంటే ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చూస్తాయి. పెళ్లివాళ్లు మర్నాడు సాయంత్రం వస్తారు. అంత పట్టు మళ్లీ తెచ్చి కుట్టే వ్యవధి లేదు.

చెల్లెలు నేల మీద కూలబడింది. దారం కొస వెతికి పట్టుకుని, "మొత్తం ఇప్పుతనక్కా. పొద్దుగాలకల్లా మళ్ల కుడత" అంది. ఆ కొసను వేళ్లకు చుట్టుకుంది.

"లాగకు" అన్నాను.

మంచం దిగి ఆ చెయ్యి పట్టుకున్నాను. భయపడుతున్నానా అని లోపల వెతుక్కున్నాను. లేదు. ఆ నెమలిని చూస్తే జాలేసింది, ఆ వేళ్లను చూస్తే ఇంకా జాలేసింది. అంతే. సూది పట్టడానికి అది చాలని అప్పుడే తెలిసింది.

మొత్తం విప్పితే పట్టు మీద చిల్లులు కనపడతాయి. అందుకని ఒక నెమలికి మెడ ఒక్కటే విప్పాను. గుడ్డ మళ్లీ మగ్గానికి బిగించాం. నా వైపు పసుపు నేనే పెట్టుకున్నాను, పెళ్లికూతురి పేరు అనుకున్నాను, చల్లగా చూడమని దేవుణ్ణి అడిగాను. ఎన్నాళ్లకో ఒకటి అడిగాను. వెనక్కి తిరిగి చూస్తున్నట్టు మెడ కుట్టి, పాత చిల్లుల మీద పూసలతో రెక్క ఈకలు పరిచాను. మర్నాడు వాళ్లు మెట్లెక్కుతుండగా ముడి వేశాను. అమ్మ ఉంటే ఆ కొస లాగేది కాదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

పెళ్లికూతురు ఇంకా కుట్టని ఆ జాకెట్టు గుడ్డను అద్దం ముందు భుజాల మీద పరుచుకుని, ఈ నెమలి ఎందుకు వెనక్కి తిరిగిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపు చెల్లెలు అందుకుంది.

"ఎనక వచ్చేటాయన వస్తుండో లేదో చూస్తున్నది."

ఆ పిల్ల సిగ్గుపడి నవ్వింది. వాళ్లు వెళ్లాక చెల్లెలు పూసలు ఏరుతూ, "తప్పు జేసింది నేను, పేరొచ్చేది నీకు. మస్తుంది గదక్కా" అంది.

పాత వేగం నాకు రాలేదు, రావాలనీ లేదు. నెమ్మదిగా కుడతాను, కమ్మగా నిద్రపోతాను. ఆ నెమలే కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు.

ఏ పెళ్లిలోనైనా మెడ తిప్పిన నెమలి మీ కంట పడితే, కుట్టిన నన్ను తలుచుకోకపోయినా ఫరవాలేదు. నేను లేవని రోజుల్లో మగ్గం చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు పసుపు పెట్టిన ఆ బోరబండ ఆడమనిషిని ఒక్కసారి తలుచుకోండి.