కిటికీకి వీపు పెట్టి కూర్చునే మనిషి

ఆ వారమంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. నేను కేర్ వర్కర్‌గా పనిచేసే, ముసలివాళ్ళుండే రెస్ట్ హోమ్ న్యూజిలాండ్‌లోని బోటనీ డౌన్స్‌లో ఉంది. మా ఇల్లున్న టకానిని నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్తున్నంతసేపూ ఒకటే ఆలోచన: ఆ జపాన్ పెద్దావిడ ఇవాళైనా తింటుందా? మతిమరుపు జబ్బు ముదిరి ఆవిడకు ఇంగ్లీషు పోయింది, జపనీసు మాత్రం మిగిలింది. చెంచా నోటి దగ్గర పెడితే తల తిప్పేసుకునేది.

"ఇవాళ కూడా తినకపోతే హాస్పిటల్‌కి పంపేయాల్సిందే. తిండికి ట్యూబ్ వేస్తారు," అంది మా సీనియర్ నర్సు, గుంటూరు ఆవిడ.

"ఒక్క పూట ఆగండక్కా. అమెరికన్ తాతని అడిగి చూస్తా."

మా హోమ్‌లోనే ఉండే ఆ తాత వందకు దగ్గరపడ్డాడు. కుర్రతనంలో, రెండో ప్రపంచ యుద్ధమప్పుడు, సైన్యం ఆయనకు జపనీసు నేర్పి, పట్టుబడిన జపాను సైనికుల నుంచి రహస్యాలు రాబట్టే పనిలో పెట్టింది. యుద్ధం అయ్యాక జపానువాళ్ళ ఇళ్ళ గురించి, మర్యాదల గురించి పుస్తకాలు రాశాడు. భార్యది న్యూజిలాండ్ కావడంతో ఇక్కడికి చేరాడు. అలాంటి మనిషి అదే భోజనాల గదిలో కూర్చుంటూ ఆవిడతో ఒక్క మాటా మాట్లాడడేమిటని నాకు ఒళ్ళు మండేది.

అడిగితే, "నా జపనీసు మంచి పనికి నేర్చుకున్నది కాదు," అన్నాడు.

"పస్తున్న మనిషికి ఆ తేడా ఏం తెలుస్తుంది?" అంటూ ఆయన చక్రాల కుర్చీని తోసుకుపోయాను.

ఆవిడ గదిలో, ఆవిడకు ఎదురుగా, తన కుర్చీని కిటికీకి వీపు వచ్చేలా పెట్టమన్నాడు. ఎండ నేరుగా ఆవిడ ముఖాన పడింది. ఆయన జపనీసులో ఏదో అడిగాడు, మళ్ళీ అడిగాడు. గొంతు మెత్తగానే ఉంది. ఆవిడ మాత్రం చేతులు ఒళ్ళో బిగించుకుని కళ్ళు చికిలించింది. అది చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"మా ఇద్దర్నీ అటుదిటు మార్చు," అన్నాడు. "పట్టుబడినవాళ్ళనీ ఇలాగే కూర్చోబెట్టేవాణ్ణి. నా ముఖం వాళ్ళకు కనబడకూడదని."

ఇద్దరి కుర్చీలూ అటుదిటు మార్చాను. ఇప్పుడు ఎండ ఆయన మీద పడుతోంది. ఈసారి ఆయన ఏమీ అడగలేదు. నాకేమో ఊరుకోబుద్ధి కాలేదు. ఆవిడ ముందున్న గిన్నెలో అన్నం చల్లారిపోతోంది, డాక్టరు వచ్చే వేళవుతోంది, నోరు విప్పవయ్యా బాబూ అని లోపల గింజుకుంటున్నాను. చాలాసేపటికి ఆవిడే ఆయన వంక చూసి చిన్నగా ఏదో అంది.

తాత నా వైపు తిరిగాడు. "భోంచేశారా అని అడుగుతోంది."

"చేశారా మరి?"

"లేదు."

"అదే చెప్పండి."

చెప్పాడు. ఆవిడ తన గిన్నెను రెండు చేతులతో ఆయన ముందుకు జరిపింది. నేను పరుగున వెళ్ళి ఇంకో గిన్నెడు అన్నం తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఎదుటి మనిషి తినందే తను ముట్టదు కాబోలు. ఆ మర్యాద గురించి ఆయన ఎక్కడో ఒకచోట రాసే ఉంటాడు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే ఆవిడ చెంచా అందుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"ఎంతమందిని ప్రశ్నించానో," అన్నాడు తాత, ముద్ద మింగలేక. "నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగకూడదు. అది సైన్యంలో రూలు."

ఇంగ్లీషులో అన్న ఆ మాట ఆవిడకు అర్థం కాలేదు. తన గ్లాసులో నీళ్ళు ఆయన చేతికందించి, తాగేదాకా చూస్తూ కూర్చుంది.